మా శాఖ నుంచి నిల్

సర్క్యులర్ వచ్చిన రోజు మా కాలేజీలో అందరికన్నా ఎక్కువ సంతోషించింది వాచ్‌మన్. అందులో "గేట్ కీపర్ శిక్షణ" అని ఉంది. యూనివర్సిటీ కాగితాలను చివరిదాకా చదివే అలవాటు మా ఆఫీసులో లేదు. సీనియర్ అసిస్టెంటు ఆ మూడు మాటలు చూసి, పక్కన వాచ్‌మన్ పేరు రాసి, సంతకం చేయించి తిరుగు టపాలో పంపేశాడు. ఇన్నేళ్ల నౌకరీలో తన కోసం ఒక శిక్షణ పెట్టడం ఇదే మొదటిసారని వాచ్‌మన్ నలుగురికి చెప్పుకున్నాడు కూడా. వారం తర్వాత యూనివర్సిటీ నుంచి ఫోన్ వస్తే గాని అసలు సంగతి తెలియలేదు. గేటంటే ఇనుప గేటు కాదట. ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్న విద్యార్థిని ముందే గుర్తుపట్టి, అటు పోకుండా దారిలో నిలబడేవాళ్లను అలా అంటారట. నిలబడాల్సింది అధ్యాపకులట.

వాచ్‌మన్ పేరు కొట్టేసి మా పేర్లు రాశారు. ఆ సంతోషం మాత్రం మాకు బదిలీ కాలేదు.

నేను జహీరాబాద్‌లోని ఆ డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. ఇరవై ఏళ్లు దాటింది. ముంబై హైవే మీది లారీల మోతను మించి గొంతు పెంచడం, మూడు మైక్రోస్కోపులతో అరవై మందికి ప్రాక్టికల్స్ చేయించడం నాకు బాగా వచ్చిన విద్యలు. పిల్లల ముఖం చూసి లోపల ఏముందో చెప్పగలనని కూడా నాకొక నమ్మకం ఉండేది. ఇరవై ఏళ్లు పాఠం చెప్పినవాళ్లందరికీ ఉండే నమ్మకమే. దానికెవరూ పరీక్ష పెట్టరు కనుక ఎన్నేళ్లయినా చెడకుండా ఉంటుంది.

శిక్షణ నిజంగా జరగడానికి వేరే కారణం ఉంది. ఆ ఏడు మా కాలేజీకి తనిఖీ బృందం రావాలి. వాళ్ల ఫారంలో "విద్యార్థుల మానసిక ఆరోగ్యానికి చేపట్టిన చర్యలు" అని ఒక గడి ఉంది. అది ఖాళీగా ఉండటం చూసి మా ప్రిన్సిపాల్ గారి మానసిక ఆరోగ్యం దెబ్బతిన్నది. పది రోజుల్లో హాలు, మైకు, బ్యానరు, బిర్యానీ అన్నీ ఏర్పాటయ్యాయి.

బ్యానర్ మీద "ఆత్మహత్యల నిర్వహణపై ఒకరోజు శిక్షణ" అని అచ్చయింది. నివారణ అని ఉండాలి. తెలుగు సారు అది చూసి నెత్తి పట్టుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి పరుగెత్తాడు.

"ఎవరు చదువుతరు సార్," అన్నారు ప్రిన్సిపాల్. "ఫోటోల దూరంకెల్లి ఒక్కటే తీరు కనబడ్తది."

కౌన్సెలర్ ఒకామె హైదరాబాద్ నుంచి పొద్దున్నే బస్సులో వచ్చింది. ముప్పై ఐదేళ్లు ఉంటాయేమో. పది గంటలకే ల్యాప్‌టాప్ తెరిచి సిద్ధంగా కూర్చుంది. ముందు జ్యోతి ప్రజ్వలన అయింది. తర్వాత శాలువాలు. ఆ తర్వాత ముఖ్య అతిథిగా వచ్చిన ఊరి పెద్దమనిషి, తాను చిన్నప్పుడు ఎన్ని కష్టాలు పడ్డాడో, అయినా ఎంత గట్టిగా నిలబడ్డాడో, ఈ కాలం పిల్లలకు ఓపిక ఎందుకు లేదో గంట సేపు చెప్పాడు. ఆయన మాట్లాడుతున్నంత సేపూ మా ఓపిక ఎంతో మాకు తెలిసివచ్చింది. ఆమె చేతికి మైకు వచ్చేసరికి పన్నెండు కావస్తోంది.

ఆమె బాగా చెప్పింది. అది ఒప్పుకోవాలి. ఏయే గుర్తులు చూడాలో ఒక్కొక్కటి వివరించింది. నిద్ర, తిండి మారిపోవడం, స్నేహితులకు దూరం కావడం, నేను అందరికీ బరువు అని మాట్లాడటం, ఇష్టమైన వస్తువులు ఇతరులకు ఇచ్చేయడం, చాలా రోజులు దిగులుగా ఉండి ఒక్కసారిగా నిమ్మళంగా కనబడటం. వస్తువులు ఇచ్చేయడం అనగానే ఫిజిక్స్ సారు లేచాడు.

"మా ఇంట్ల మా ఆడామె నా చొక్కాలన్ని పంచిపెడ్తది మేడం. గది గూడ గుర్తేనా?"

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. కొంచెం ఎక్కువే నవ్వాను.

తర్వాత ఆయనే ఇంకో ప్రశ్న వేశాడు. అది మాత్రం మా అందరి మనసులో ఉన్నదే. "మనంతట మనం అడిగితే, లేని ఆలోచన పుట్టిచ్చినట్టు గాదా?"

"కాదు సార్," అంది కౌన్సెలర్. "అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. ఉన్నవాళ్లకు మాత్రం, ఒకరైనా అడిగారన్న ఊరట దొరుకుతుంది. తిప్పి తిప్పి కాదు, ఆ మాటే పెట్టి అడగాలి. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని."

ఆ మాటతో వెనక వరసలో సెల్‌ఫోన్లు చూసుకుంటున్నవాళ్లు కూడా తలెత్తారు.

ఇద్దరిద్దరిని లేపి నటించి చూపమంది. నేను అధ్యాపకురాలిని, ఫిజిక్స్ సారు దిగులుతో ఉన్న విద్యార్థి. యాభై నాలుగేళ్ల విద్యార్థి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏమైంది బాబూ, ఎందుకట్లున్నవ్?" అన్నాను.

"హాల్ టికెట్ రాలే మేడం."

"ఆఫీసుల అడుగు," అన్నాను.

సభలో చప్పట్లు మోగాయి. ఇరవై ఏళ్ల అనుభవం అంటే అదే. కౌన్సెలర్ మాత్రం చప్పట్లు కొట్టలేదు.

ఒంటిగంట దాటింది. ఆమె తెర మీద చివరి భాగం తెరిచింది. "అవును అని చెబితే ఏం చేయాలి" అని పైన రాసి ఉంది. అప్పుడే బిర్యానీ గిన్నెలు దింపిన చప్పుడైంది. ప్రిన్సిపాల్ గారు లేచి వేదిక మీదికి వచ్చారు.

"మేడం, గిదొక్కటి వాట్సాప్ గ్రూపుల పెట్టున్రి. మావోళ్లు చూసుకుంటరు. అందరం ఫోటో దిగుదాం, మల్ల వెలుతురు పోతది."

మధ్యాహ్నం ఒంటిగంటకు వెలుతురు ఎటు పోతుందో ఎవరమూ అడగలేదు. కౌన్సెలర్ ఒక క్షణం ఆయన వైపు చూసి, "అసలు మాట అదే సార్," అంది. అప్పటికే మేము వరుసల్లో నిలబడుతున్నాం. ఆమె బోర్డు మీద తన ఫోన్ నంబరు రాసింది. నేను దాన్ని ఎక్కించుకున్నాను. మంచి బుద్ధి పుట్టి కాదు. మా మేనకోడలు సైకాలజీ చదువుతానంటోంది, ఏ కాలేజీ మంచిదో అడుగుదామని.

ఆమె పంపిన చివరి పాఠం గ్రూపులో మర్నాడు పొద్దుటికే శుభోదయాల కింద, పుట్టినరోజు కేకుల కింద పడిపోయింది. సర్టిఫికెట్లు మాత్రం మూడో రోజునే వచ్చాయి. నేను శిక్షణ పొందిన గేట్ కీపర్‌నని రంగుల్లో రాసి ఉంది.

తర్వాత ఒక ప్రొఫార్మా వచ్చింది. ప్రతి శాఖలో ప్రమాదంలో ఉన్న విద్యార్థుల పేరు, రోల్ నంబరు, కారణం, తీసుకున్న చర్య, శుక్రవారం లోపు. ఫిజిక్స్ సారు వెనక బెంచీలో నిద్రపోయే ఏడుగురి పేర్లు రాసి పంపాడు. కామర్స్ వాళ్లు ఒక జంట పేర్లు రాసి, కారణం గడిలో "ప్రేమ" అని, చర్య గడిలో "తల్లిదండ్రులను పిలిపించడమైనది" అని రాశారు. ఆ జంటకు అప్పటిదాకా ఏ ప్రమాదమూ లేదు.

నేను అర నిమిషం ఆలోచించి, వృక్షశాస్త్ర శాఖ నుంచి నిల్ అని రాసి, సంతకం చేసి ఇచ్చాను. నా చేతిరాత నీటుగా ఉందని ఆఫీసులో మెచ్చుకున్నారు.

ఇప్పుడు ఆ అమ్మాయి గురించి చెప్పాలి.

ఝరాసంగం దగ్గరి ఒక పల్లె నుంచి రోజూ షేర్ ఆటోలో వచ్చేది. తల్లిదండ్రులు జొన్న, కంది పండించుకునే మెట్ట రైతులు. అన్న ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పని చేస్తూ జహీరాబాద్‌లోనే గది తీసుకుని ఉంటాడు. మొదటి ఏడాది పిల్లలందరికీ మొక్కల ఫైలు చేయమని చెబుతాం. మొక్కలను ఎండబెట్టి, కాగితాలకు అంటించి, పేర్లు రాయాలి. తక్కిన వాళ్లు కాలేజీ గోడ పక్కన దొరికిన నాలుగు రకాలనే తిప్పి తిప్పి పెట్టారు. ఆ అమ్మాయి చేను గట్ల మీద నుంచి నలభై రకాలు తెచ్చింది. శాస్త్రీయ నామం కింద వాళ్లమ్మ చెప్పిన పేరు, దాని పక్కన ఒక్కో మాట. "గొడ్లు తినవు." "పప్పుల ఏస్తరు." "నాయినకు దగ్గు వస్తే ఇదే." ఆ ఫైలు చూసి, నేను చదువుకునే రోజుల నుంచి నా దగ్గరున్న చిన్న భూతద్దాన్ని ఆమెకిచ్చేశాను.

రెండో ఏడాది చివరి నుంచి ప్రశ్నలు అడగడం తగ్గించింది. ముందు బెంచీ నుంచి కిటికీ పక్కకు మారింది. మనిషి సన్నబడింది. నేను దానికి "పెద్దరికం వచ్చింది" అని పేరు పెట్టాను. మొక్కల పేర్లలో నాకెప్పుడూ తప్పు దొర్లదు.

ఒక గురువారం, పదకొండు గంటలప్పుడు, ఆమె ల్యాబ్‌కు వచ్చింది. రికార్డు పూర్తి చేసి తెచ్చింది. ఇంకా నెల గడువుంది. బొమ్మలన్నీ శుభ్రంగా ఉన్నాయి. దానితో పాటు మొక్కల ఫైలు కూడా బల్ల మీద పెట్టింది.

"ఇది జూనియర్లకు చూపియ్యున్రి మేడం. నా కాడుంటే పురుగు పడ్తది."

తర్వాత భూతద్దం తీసి ఫైలు మీద పెట్టింది. "ఇది మీదే గదా."

"ఉంచుకో. పీజీల గూడ పనికొస్తది," అన్నాను.

"వద్దు మేడం. మీరు మంచిగ చెప్పిన్రు. యాదికుంటది."

నవ్వింది. చాలా నెలల తర్వాత ఆమె ముఖం నిమ్మళంగా కనబడింది. ల్యాబులో ఉన్న సెకండియర్ పిల్లల వైపు తిరిగి, "చూడున్రి, స్టూడెంట్ అంటే ఇట్లుండాలె, నెల ముందే రికార్డు," అని నేను ఉపన్యాసం ఇచ్చాను. ఆమె తల ఊపి వెళ్లిపోయింది. నేను భూతద్దాన్ని సొరుగులో వేసి, రిజిస్టర్‌లో ఆమె పేరు పక్కన టిక్కు పెట్టాను.

పావుగంట గడిచాక ఒక సెకండియర్ అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మేడం, అక్క నాకు కాలిక్యులేటర్, ల్యాబ్ కోటు, నోట్సులన్ని ఇచ్చింది. ఇగ నాకు పనిలేదన్నది. పరీక్షకు అక్కకు కావద్దా మేడం?"

నాకు ముందు గుర్తుకొచ్చింది పాఠం కాదు. ఫిజిక్స్ సారు చొక్కాల జోకు. ఆ నవ్వు గుర్తుకొచ్చింది. ఎందుకు నవ్వామో ఆ తర్వాత గుర్తుకొచ్చింది. ఆ వెనక, తెర మీది మాటలు ఒక్కొక్కటే వచ్చాయి.

నలభై ఆరేళ్ల మనిషిని, కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వరండాలో పరుగెత్తాను. ప్రిన్సిపాల్ గారు గది గుమ్మంలో ఉన్నారు. నన్ను చూసి తనిఖీ బృందం వచ్చేసిందనుకుని, చొక్కా ప్యాంటులోకి దోపుకుంటూ, "వచ్చిన్రా?" అన్నారు. జవాబు చెప్పకుండా గేటు వైపు పోయాను.

ఆ అమ్మాయి గేటు దగ్గరే ఉంది. వాచ్‌మన్ కుర్చీలో, ఒళ్లో విజిటర్ల రిజిస్టర్ పెట్టుకుని కూర్చుంది. వాచ్‌మన్ నాలుగడుగుల దూరంలో గోడకు ఆనుకుని చాయ్ తాగుతున్నాడు. మామూలుగా అయిదు నిమిషాల్లో అయ్యే చాయ్‌ని ఆ రోజు అతను ఎంతసేపు తాగాడో గాని, గ్లాసు ఇంకా సగం ఉంది.

"జర లోపటికి రా బిడ్డా, పనుంది," అన్నాను. ఊపిరి అందడం లేదు.

"ఆటో పోతది మేడం."

"మూడు పోయినయ్ గద బిడ్డా," అన్నాడు వాచ్‌మన్. "ఇంకోటి పోతే ఏమైతది."

ల్యాబులో పిల్లలను పంపించేశాను. ఇద్దరం స్టూళ్ల మీద ఎదురెదురుగా కూర్చున్నాం. అడగాలి. ఆ మాటే పెట్టి అడగాలి. నేను అడిగినవి ఏమిటంటే, తిన్నావా అని. తర్వాత, ఇంట్లో అందరూ బాగున్నారా అని. ఆ తర్వాత, ఈ ఏడు అల్లం పంట ఎట్లుందట అని. వాళ్లకు అల్లం తోట లేదు. ఆమె అన్నిటికీ మర్యాదగా జవాబిచ్చింది.

ఆఖరికి నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "బిడ్డా, సక్కగ అడుగుతున్న. చచ్చిపోవాలె అనిపిస్తుందా నీకు?"

ఆమె బల్ల వైపు చూసింది. ఏడవలేదు. కోపం తెచ్చుకోలేదు.

"అవు మేడం," అంది. "ఇయ్యాల."

నా శిక్షణ అక్కడితో అయిపోయింది. ఆ తర్వాతది బిర్యానీ.

"ఏమైంది? ఎవరన్న ఏమన్న అన్నరా?" అన్నాను.

"ఏం గాలే మేడం. గదే. ఏం గాలే. పొద్దున లేస్త, తింట, వస్త. లోపట ఏం లేదు. ఆర్నెల్ల సంది నిద్ర లేదు. అలిసిపోయిన." కాసేపాగి, "ఎవరికి చెప్పొద్దు మేడం," అంది.

"చెప్ప. ఒట్టు," అన్నాను వెంటనే. చేతిలో చెయ్యి కూడా వేశాను. తప్పులు చేయడంలో నేను ఎప్పుడూ ఆలస్యం చేయలేదు.

మంచినీళ్లు తెస్తానని గుమ్మం దాకా వచ్చి, ఆమె వైపే చూస్తూ కౌన్సెలర్‌కు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. గుమ్మం అవతల వాచ్‌మన్ నిలబడి ఉన్నాడు. గేటు ఎవరు చూస్తున్నారని అడిగే స్థితిలో నేను లేను.

"అవునన్నదా మేడం?" అన్నాడు మెల్లగా.

నేను తల ఊపాను.

"ఒక్కతిని ఇడువొద్దు. నిమిషం గూడ ఇడువొద్దు. చెప్పనని మాటియ్యొద్దు. ఇంటోళ్లకు చెప్పాలె. ఇయ్యాల్నే డాక్టర్‌కు చూపియ్యాలె. తిట్టొద్దు, బుద్ధులు చెప్పొద్దు, చెప్పింది ఇనాలె."

"నీకెట్ల ఎర్క?"

"ఆ దినం మీరందరు ఫోటో దిగుతున్నరు గద. గా మేడంను బస్సు ఎక్కియ్య నేనే పోయిన. మిగిలింది ఏందమ్మా అని తొవ్వల అడిగిన. బస్సు లేటైంది, మొత్తం చెప్పింది." కొంచెం సిగ్గుపడి అన్నాడు, "ముందు నా పేరే రాసిండ్రు గదా మేడం."

"మరి గేటు కాడ అడిగినవా?"

"నాకు అడుగుడు రాదు మేడం. ఆటోలు ఇడిచిపెడ్తుంటె ఎందుకో మంచిగ అనిపియ్యలే. పని చెప్తే కూసుంటది గదా అని, గేటు జూడు బిడ్డా, చాయ్ తాగొస్త అన్న. మీకు కబురు జేద్దామంటే ఇడిసి రానీకి లేదాయె."

శిక్షణ పొందినవాళ్లం నలభై ఒక్క మందిమి. చివరి పాఠం విన్నది జాబితాలో పేరు కొట్టేసిన ఒక్క మనిషి.

నేను లోపలికి వెళ్లి ముందు నా ఒట్టు వెనక్కి తీసుకున్నాను. "చెప్పనని తొందరపడి అన్న. తప్పైంది. నేనొక్కదాన్ని నిన్ను కాపాడలేను బిడ్డా. మీ అమ్మకు, అన్నకు చెప్పాలె. డాక్టర్ దగ్గరికి పోవాలె. నేను ఎంబడే ఉంట." కోపం వస్తుందనుకున్నాను. ఆమె కళ్లు మూసుకుని, బల్ల మీద తల వాల్చింది. ఒక బరువు దింపుకున్న మనిషి అట్లా వాలుతుందని తర్వాత అనిపించింది. అప్పుడు మాత్రం భయమేసింది.

అంతలో కౌన్సెలర్ తిరిగి ఫోన్ చేసింది. వాచ్‌మన్ చెప్పిందే ఇంకొంచెం శుభ్రమైన తెలుగులో చెప్పింది. అమ్మాయితో అయిదు నిమిషాలు మాట్లాడింది. దారిలో నాకు ఏం తోచకపోయినా తనకే చేయమంది.

ప్రిన్సిపాల్ గారికి చెప్పక తప్పలేదు. ఆమె దగ్గర వాచ్‌మన్‌ను కూర్చోబెట్టి ఆయన గదికి పోయాను. ఆయన చెడ్డవాడు కాదు. తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి, "లవ్ మ్యాటరా?" అన్నారు.

"కాదు సార్."

"మార్కులా?"

"ఫస్ట్ క్లాస్ సార్."

"మరి రీజన్ ఏం రాయాలె?"

కారణం గడి ఖాళీగా ఉంటే ఆ బాధ నిజం కాదని మా అందరి లెక్క. ఆయన కిటికీలోంచి బయటికి చూసి, "ఆటోల ఎక్కిచ్చి ఇంటికి పంపుదాం మేడం. రేపు తనిఖీల గిది బయటపడితే కాలేజీ పేరు..." అన్నారు.

"ఒక్కతిని పంపను సార్," అన్నాను. "ఇయ్యాల నాకు హాఫ్ డే లీవు రాసుకోండి."

ఆయన సొరుగు తెరిచారు. తన కారు తాళంచెవులు తీసి బల్ల మీద పెట్టారు. "డ్రైవర్‌ను తీస్కపోన్రి," అన్నారు. అందుకే ఆయన చెడ్డవాడు కాదన్నాను.

నేను ఫోన్ చేస్తే అన్న ఫ్యాక్టరీ యూనిఫాంలోనే అరగంటలో వచ్చాడు. చెల్లెలిని చూసి, ఆమె సంచి అందుకుని భుజాన వేసుకున్నాడు. తల్లి ఊరి నుంచి ఆటోలో వచ్చేసరికి మేము ఏరియా దవాఖానలో ఉన్నాం. చేలో నుంచి నేరుగా వచ్చింది, చీర అంచుకు పల్లేరుకాయలు ఉన్నాయి.

"నేనేం తక్కువ చేసిన బిడ్డా నీకు?" అంది.

"నువ్వేం చెయ్యలే అమ్మా," అంది ఆ అమ్మాయి. అప్పుడు ఏడ్చింది. తల్లి కూడా ఆమె పక్కన కూర్చుని, తల ఒళ్లోకి తీసుకుంది.

డ్యూటీ డాక్టర్ ఒక యువతి. తలుపు మూసి ఆ అమ్మాయితో ముప్పావు గంట మాట్లాడింది. మర్నాడు పొద్దున్నే సంగారెడ్డి పెద్ద దవాఖానలో మనోవ్యాధుల డాక్టర్‌ను కలవమని రాసిచ్చింది. అప్పటిదాకా తల్లి, అన్న కళ్లెదుటే ఉంచాలని, చేతికి అందకూడనివి ఏవైనా ఉంటే తాళం వేయాలని చెప్పింది. ఆ రోజు వాళ్లు ఊరికి వెళ్లలేదు, అన్న గదిలోనే ఉన్నారు.

మర్నాడు నలుగురం బస్సులో సంగారెడ్డి పోయాం. దారి పొడవునా తల్లి నాతో గుసగుసగా ఒక మాటే అడిగింది. "మా సంఘంల పాస్టరమ్మ ఉన్నది టీచరమ్మా. ప్రార్థన చేపిస్త. మందులు వద్దు. పిచ్చి అని పేరు పడ్తది." నేను గేట్ కీపర్‌నని రంగుల్లో సర్టిఫికెట్ ఉన్నదాన్ని. డాక్టర్‌నే అడుగుదామన్నాను. అక్కడి డాక్టర్, తల నెరిసినాయన, ఆ మాట విని కోప్పడలేదు.

"ప్రార్థన చెయ్యండమ్మా, మంచిదే. షుగర్ ఉన్నోళ్లు ప్రార్థన చేసి గోలీ గూడ ఏసుకుంటరు గద. ఇది గూడ జబ్బే. ఉట్టి రంది, దిగులు కాదు, సోమరితనం కాదు. మందు పని చెయ్యనీకి కొన్ని వారాలు పడ్తది. మధ్యల మంచిగైంది అని ఆపొద్దు. పదిహేను దినాలకొకసారి తీస్కరండి."

తల్లి కొంగుతో ముఖం తుడుచుకుని, "పాస్టరమ్మకు గూడ షుగరున్నది," అంది. ఆ అమ్మాయి ఆ రెండు రోజుల్లో మొదటిసారి కొంచెం నవ్వింది. ఈసారి ఆ నవ్వుకు నేను పేరు పెట్టలేదు.

తర్వాతి నెలలు అంత నేరుగా సాగలేదు. మందులకు మొదట్లో మగతగా ఉండేది. ఒకసారి తానే ఆపేసింది, అన్న పట్టుకుని మళ్లీ మొదలుపెట్టించాడు. ఒక పేపరు రాయలేకపోయి సప్లిమెంటరీలో రాసింది. నేను అతిగా జాగ్రత్త పడ్డాను. రోజుకు మూడుసార్లు ఫోన్ చేసి తిన్నావా, పడుకున్నావా అని అడిగేదాన్ని. రెండు వారాలు ఓర్చుకుని ఒక రోజు అంది.

"మేడం, మీరు గిట్ల చూస్తే నాకే భయమైతుంది. జర మొక్కల గురించి గూడ మాట్లాడున్రి."

తనిఖీ బృందం ఏప్రిల్‌లో వచ్చింది. ప్రిన్సిపాల్ గారు వారం ముందు నన్ను పిలిచి, "ఆ కేసు ఒక స్లైడు చేద్దాం మేడం. ఫోటో మొఖం కనబడకుండ పెడ్దాం. మన కాలేజీ ఒక ప్రాణం కాపాడింది," అన్నారు. ఫ్యాక్టరీ నుంచి పరుగెత్తుకొచ్చిన అన్న, చేలో నుంచి వచ్చిన అమ్మ, చాయ్ పట్టుకుని నిలబడ్డ వాచ్‌మన్, ఆ డాక్టర్లు ఎవరూ ఆ వాక్యంలో లేరు. పెట్టలేనని చెప్పి, ఆ గడిలో రాయడానికి బిర్యానీ ఫోటో చాలు కదా అన్నాను. ఆయన నొచ్చుకున్నారు. బృందం వాళ్లు ఆ పేజీ చూడనే లేదు, మరుగుదొడ్ల దగ్గరే ఆగిపోయారు.

సెలవుల తర్వాత కౌన్సెలర్‌ను మళ్లీ పిలిచాను. బ్యానరు లేదు, శాలువా లేదు. వృక్షశాస్త్ర ల్యాబులో, చివరి పాఠం ఒక్కటే. రమ్మని అందరికీ చెబితే తొమ్మిది మంది వచ్చారు. అందులో ఇద్దరు ఆఫీసువాళ్లు, ఒకరు స్వీపరమ్మ, ఒకరు వాచ్‌మన్. ఫిజిక్స్ సారు కూడా వచ్చాడు. ఈసారి జోకు వేయలేదు. అయిపోయాక అందరూ పోయేదాకా ఆగి, తన తమ్ముడి గురించి కౌన్సెలర్‌తో తలుపు పక్కన నిలబడి చాలాసేపు మాట్లాడాడు. ఇరవై ఏళ్లుగా ఆయన పక్క గదిలో ఉన్నాను. ఆయనకు ఒక తమ్ముడు ఉండేవాడని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ అమ్మాయి ఇప్పుడు కోహీర్‌లో ఒక నర్సరీలో పని చేస్తోంది. మందులు ఇంకా ఉన్నాయి, మోతాదు తగ్గించారట. పీజీ గురించి వచ్చే ఏడు చూస్తానంటుంది. పోయిన నెల జహీరాబాద్ బస్టాండులో కనబడింది. చేతిలో తడి గోనెసంచి చుట్టిన మొలకలు ఉన్నాయి. ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. ఆ రోజు గురించి మేము ఎప్పుడూ మాట్లాడుకోలేదు, ఆమే ఎత్తింది.

"ఆనాడు టీచరమ్మ అడగకపోతే అని అమ్మ అంటుంటది మేడం. నాకు మీరడిగింది అంత యాదికి లేదు. మీరు అల్లం గురించి అడిగిందే యాదికున్నది. ఈమెకు నాకన్న ఎక్కువ భయమున్నదిరా అనుకున్న."

"భయమే," అన్నాను.

"ఇప్పుడు గూడ కొన్ని దినాలు మంచిగుండదు," అంది. "అప్పుడు అన్నకు చెప్త. చెప్పుడు నేర్చుకున్న."

"ఇయ్యాల ఎట్లుంది?"

కాసేపు నిజంగానే ఆలోచించింది. అట్లా ఆలోచించి చెప్పడం నాకు నచ్చింది.

"ఇయ్యాల పర్వాలేదు మేడం. ఎండ ఎక్కువున్నది, మొలకలు వాడిపోతయ్. బస్సొస్తే పోత."

బస్సు వచ్చింది. మొలకలను ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది.